మా అమ్మకూ మానుకోట మేస్త్రికీ పందెం

ముందే చెప్తున్న, తర్వాత నన్ను నిలబెట్టి అడగొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. జనగామలో మాది టెంట్‌హౌస్. రెండు వందల కుర్చీలు వేసిన పెండ్లిని రెండు వేల కుర్చీల పెండ్లి అని చెప్పుకోకపోతే మా దందా నడవదు. ఆ అలవాటు దుకాణం షట్టర్ దించినంక గూడ నా వెంటే ఇంటికొస్తది. కాబట్టి ఇందులో ఎక్కడన్న అంకె కనబడితే సగం తీసేయండి. మనిషి పొడుగు అని రాస్తే నాలుగు ఇంచులు కోసేయండి. మా అమ్మ గురించి రాసిన కాడ మాత్రం కత్తెర పెట్టకండి. ఆమె విషయంలో తగ్గించే రాసిన. ఉన్నదంతా రాస్తే నా పెండ్లాం గూడ నమ్మదు, ఆమె అంతా పక్కనుండి చూసిన మనిషైనా సరే.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె ముచ్చట మొదలుపెడితే నడుమ ఆపకుండ చివరిదాంక చెప్పుడు ఈ మధ్యనే చేతనవుతున్నది. ఇంట్లో కిడ్నీలు పాడైన మనిషి ఉన్నోళ్లు ఎవరన్న ఇది చదివితే కొంచెం ధైర్యం వస్తదని, మేం చేసిన ఒక పెద్ద తప్పు వాళ్లు చెయ్యకుండ ఉంటరని రాస్తున్న.

అమ్మ పేరు సత్తెమ్మ. మా ఊరు బచ్చన్నపేట దిక్కు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు పత్తి. బాపు, అంటే మా నాయన, రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి, అందులో ఆరు ఎడ్లతోని. ఆయన వాటా మాటలు గూడ అమ్మే వాడుకునేది. మా పిన్ని కొడుకు పెండ్లిలో, ఆడోళ్లు వేషాలేసుకొని నవ్వులాడుకునే సమయాన, అమ్మ బాపు పాత పాంటు, ఎవరిదో ఖాకీ అంగీ తొడుక్కొని, బొగ్గుతో మీసం దిద్దుకొని వచ్చి పిల్ల తండ్రిని అరెస్టు చేసింది. ఆయన ఎంత బెదిరిండంటే జేబులోకెళ్లి బండి కాగితాలు తీసి చూపించిండు. ఆ కాగితాలు తిరగేసి, "ఇన్సూరెన్సు అయిపోయింది, ఇద్దరు బిడ్డలున్నరంట గద, రెండో పిల్లను గూడ మాకే ఇయ్యి, ఇడిచిపెడత" అన్నది. మర్నాడు పొద్దున్నే ఆయన పోయి ఇన్సూరెన్సు కట్టుకున్నడు.

మా బిడ్డ నిత్య డిగ్రీ చదువుతున్నది. బాపమ్మతోని పత్తాలు, అంటే పేక, ఆడి ఒక్కనాడు గెలిచింది లేదు. అమ్మ కూర్చున్న చాప కింద ఎప్పుడూ ఇద్దరు రాజులు పండుకొని ఉంటుండె. "తొండి బాపమ్మా" అని నిత్య చాప లేపితే, "తొండేందే, పాపం వాళ్లు అలిసిపోయిన్రు" అనేది.

మేం ముగ్గురం. నేను జనగామలో. తమ్ముడు రవి భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. చెల్లె సరళను మహబూబాబాద్‌కు ఇచ్చినం. కాగితాల మీద మహబూబాబాద్ గానీ మా నోట్లో అది మానుకోటే. బావ అక్కడ బడిపంతులు. ఈ కథ మొదలైనప్పుడు వాళ్లు సొంతిల్లుకు పునాదులు తవ్వుతున్నరు.

పునాదుల కాలం

ఆ వానకాలం అమ్మ పాదాలు ఉబ్బినయి. ఆమె ఒప్పుకుంటేగా. "ఈ చెప్పుల కంపెనోళ్లు మోసం చేస్తున్నర్రా, అదే నంబరు మీద చిన్నయి అమ్ముతున్నరు" అన్నది. నేను నమ్మిన. ఒక నంబరు పెంచి తెచ్చిన. పది దినాలకు అవీ పట్టలేదు. ఇంకో నంబరు పెంచిన. చెప్పులు పెద్దయినయి గానీ దవాఖానకు పోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. మంచం దిగి వాకిట్లకు పోయేసరికి ఆయాసం వస్తుంటే అప్పుడు కారెక్కించిన.

దవాఖానలో పేరు పిలిచేదాంక కూర్చునే హాలు పెండ్లి మండపం కన్న పెద్దగ ఉండె, అందులో జనగామ జిల్లా మొత్తం కూర్చొనుండె. అమ్మ ప్లాస్టిక్ కుర్చీని తట్టి చూసి, "ఇవి మనయేనారా?" అని అడిగింది. కాదన్న. "మనయైతే బాగుండు, కిరాయి వస్తుండె" అన్నది. పక్కన కూర్చున్నామె నవ్వింది. ఆమె భర్తను లోపలికి తీసుకపోయి గంటయిందట, అప్పటిదాంక కొంగు నోట్లో కుక్కుకొని ఉన్నది. అమ్మ ఆమె ఊరు, కులం, కోడండ్ల గుణగణాలు అన్నీ అడిగి తెలుసుకున్నది. మా వంతు వచ్చేసరికి వాళ్లిద్దరు వియ్యంపురాండ్లు అయ్యేదాంక వచ్చిన్రు.

డాక్టరు సారు మెల్లగ చెప్పిండు. రెండు కిడ్నీలు పనిచేస్తలేవు. రోజు విడిచి రోజు మిషన్ మీద నెత్తురు శుభ్రం చెయ్యాలె, డయాలసిస్.

"ఎన్నొద్దులు సారూ?" అన్నది అమ్మ.

"ఇది ఉన్నంతకాలం చేయించుకోవాలమ్మా."

"మిషన్ ఉన్నంతకాలమా, నేనున్నంతకాలమా?"

సారు నవ్వాలో వద్దో తెలియక కాగితం మీద ఏదో రాసిండు. నేను గోడ మీద నవ్వుతున్న పసిపిల్ల బొమ్మ దిక్కు చూసుకుంట నిలబడ్డ. ఆ పిల్ల పండ్లు ఎన్నో ఇప్పటికీ చెప్పగలను.

వాపసు వచ్చేటప్పుడు కార్లో అమ్మ దోవల కడుతున్న ఇండ్లనే చూసుకుంట కూర్చున్నది.  మా సందు మలుపు తిరిగినంక అన్నది: "సరళ ఇల్లు ఎప్పటికైతదిరా?"

"పునాదుల్ల ఉన్నదమ్మా. ఎండాకాలం దాటొచ్చు."

"దాటొద్దు. ఆ ఇంట్ల సరళ ఒడి నేను పొయ్యాలె. నా చేతులతోని పొయ్యాలె. చెప్తున్న, ఇను."

ఒడిబియ్యం అంటే తెలియనోళ్లకు రెండు ముక్కలు. ఆడపిల్లకు పుట్టింటోళ్లు చీరె సారె పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు దోసిళ్లతోని ఆమె ఒడిలో పోస్తరు. మా దిక్కు ఆడపిల్లకు ఇంతకు మించిన గౌరవం లేదు. బాపు ఉన్నప్పుడు సరళకు రెండుసార్లు పోసినం. బాపు పోయినంక ఒక ఏడు మైల అన్నరు, ఒక ఏడు కుదరలేదన్నరు, ఇగ కొత్తింట్లనే పోద్దామని ఆగినం.

అయితే భర్త పోయిన ఆడది ఒడిబియ్యం ముట్టే పద్ధతి మా చుట్టాలల్లో లేదు. ముత్తైదువలే పొయ్యాలె. కన్నతల్లైనా సరే దూరం నిలబడి చూడాలె. బాపు పోయిన్నాటి నుంచి అమ్మ ప్రతి శుభకార్యంలో అదే చేసింది. మీసం పెట్టుకొని మొగపిల్లగాని మామను అరెస్టు చేసిన మనిషి, వంటింటి దర్వాజ చాటు నుంచి తొంగిచూసుడు నేర్చుకున్నది. మేం ముగ్గురం చూసినం. ఎవరం ఏమనలేదు.

కార్లో నేను "సరే అమ్మా" అన్నగానీ, లోపల రెండు లెక్కలు నడిచినయి. ఇల్లు అయ్యేదాంక అమ్మ ఉంటదా? ఉంటే మాత్రం మన చుట్టాలు పొయ్యనిస్తరా?

స్లాబు పడ్డ నెల

దసరా కంటే ముందు డయాలసిస్ మొదలైంది. చేతిలో నరాలు కలిపే చిన్న ఆపరేషన్ చేసిన్రు. ఆ చోట చెయ్యి పెడితే లోపల మిక్సీ తిరిగినట్టు సుయ్యిమంటుండె. అమ్మ దాన్ని చుట్టాలందరికీ ముట్టి చూపించేది. "నా చేతుల కరెంటున్నది, ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటవా?" అని నిత్యను అడిగింది.

మిషన్ మీద నాలుగు గంటలు. చలి. ఎంత చలంటే దుప్పట్లు ఎన్ని కప్పినా ఆ చలి లోపలి నుంచే పుట్టేది. పిక్కలు పట్టేసి రాయి లెక్క అయ్యేవి, నేనూ నర్సమ్మా చెరొక కాలు పిసికేటోళ్లం. పక్క మంచం మీద పాలకుర్తి ఆటో డ్రైవర్ సోమన్న ఉండేటోడు. నలభై ఉంటయి. గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు, పలకరిస్తే పలికేటోడు కాదు. అమ్మకు ఇది బొత్తిగ నచ్చలేదు.

"ఏం సోమన్నా, నీ ఆటోల ఎంతమందిని ఎక్కిస్తవ్?"

సోమన్న దుప్పటి నెత్తి మీదికి గుంజుకున్నడు.

"పదిమందా?"

"... పద్నాలుగు," అన్నడు గోడతోనే.

"అబ్బ, చిన్న ఆటో అన్నట్టు. మా బచ్చన్నపేటల పద్నాలుగు మంది డ్రైవర్ పక్కనే కూసుంటరు."

సోమన్న భుజాలు కదిలినయి. ఏడుస్తున్నడేమో అనుకున్న. కాదు, నవ్వు. ఆ దినం నుంచి ఆయన మొఖం మా దిక్కే. అమ్మకు చలి ఎక్కువైతే తన దుప్పటి తీసి ఇచ్చేటోడు. "నీకో?" అంటే, "నాకు ఇయ్యాల ఉడుకపోస్తున్నదవ్వా" అని వణుక్కుంట చెప్పేటోడు. అబద్ధాల్లో అంతకంటే పెద్దమనిషి అబద్ధం నేనెప్పుడు ఆడలేదు.

అన్నిటికంటే కష్టం దాహం. రోజంతటికి ఇన్నే నీళ్లని గీత గీసి ఒక బాటిల్ ఇచ్చిన్రు. అమ్మ ఆ బాటిల్‌ను ఒళ్లో పెట్టుకొని పిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. ఒక్కోసారి నిత్యను పిలిచి, "నువ్వు తాగే, నేను చూస్త" అనేది. నిత్య గ్లాసెడు తాగేది, అమ్మ కండ్లు మూసుకొని గుటక వేసేది. మా ఆవిడ విజయ వంటింట్లోకి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేది.

అసలు పందెం ఇక్కడ మొదలైంది: ఇల్లు అయ్యేదాంక అమ్మ ఉంటే ఆమె గెలుపు, లేకుంటే మేస్త్రి గెలుపు. మిషన్ మీద పండుకున్న నాలుగు గంటల్లో అమ్మ మానుకోటకు ఫోన్ కొట్టుడు మొదలుపెట్టింది. చెల్లెకు కాదు, మేస్త్రి ఎల్లయ్యకు.

"మేస్త్రీ, స్లాబు పడ్డదా?"

"పడ్డదవ్వా. ఇప్పుడే మీద గట్లు కట్టి నీళ్లు నింపిన."

"నీళ్లెందుకు?"

"స్లాబు గట్టిపడాలంటే నీళ్లు తాగాలె గదవ్వా. ఇంకా పదిహేనొద్దులు గట్లనే ఉండాలె."

"నాకేమో లోటెడు నీళ్లు తాగనియ్యరు, నువ్వు స్లాబుకు మడి కట్టి తాపుతున్నవా? నా ముంగటనే చెప్తున్నవ్, నీకు మనసెట్ల ఒప్పిందయ్యా?"

స్పీకర్ ఆన్ ఉండె. వార్డంతా నవ్వింది. ఎల్లయ్య మేస్త్రి పాపం, "అవ్వా, ఇగ ఆలస్యం చెయ్య" అన్నడు. ఆయన తన సర్వీసులో ఆ మాట అన్నది మొదటిసారట.

ప్లాస్టరింగ్ నడుస్తుండగ

చలికాలంలో రవి వచ్చి, "అన్నా, ఎప్పుడు నీ దగ్గరనేనా, నన్ను గూడ కొడుకనుకోనియ్యి" అని అమ్మను భూపాలపల్లికి తీసుకపోయిండు. అక్కడి దవాఖానలో గూడ మిషన్ ఉన్నది, మాట్లాడి పెట్టిండు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెప్తున్న. చేసింది ఒక్కరు కాదు, అందరం కలిసి చేసినం.

మా దిక్కు ఎవరికన్న బాగలేదంటే చూసిపోవుడు ఒక పద్ధతి. ఒట్టి చేతులతోని పోరు. రవి ఉండే క్వార్టర్ల లైన్లో అమ్మ వచ్చిందని తెలిసేసరికి జనం కదిలిన్రు. ప్రతి మనిషి చేతిలో కొబ్బరి బోండాం. భూపాలపల్లిలో బొగ్గు లారీలు ఆపి బోండాల లారీలు పంపిన్రేమో అనిపించింది. మంచం కింద బోండాలు, తలుపెనక బోండాలు, స్నానాల అర్ర ముంగట బోండాలు.

అమ్మకు నీళ్లు ఇన్నే తాగాలని చెప్పినం. గీత గీసిన బాటిల్ ఇచ్చినం. బోండాం గురించి ఎవరం అనుకోలేదు. బోండాం నీళ్లు మన లెక్కలో నీళ్లు కావు, మందు. జ్వరమొస్తే బోండాం, విరేచనాలైతే బోండాం, దవాఖాన నుంచి వస్తే బోండాం. రవి పెండ్లాం లత ఒక్కొక్కటి కొట్టి ప్రేమగ గ్లాసులో పోసిచ్చింది. చూడొచ్చినోళ్లు "తాగవ్వా, కిడ్నీలకు మంచిది" అన్నరు. దాహంతోని ఎండిపోయిన మనిషి. తాగింది. రెండు దినాలు ఆమె మొఖంలో పండుగే ఉండెనట.

మూడో దినం పొద్దున కాళ్లు లేస్తలేవన్నది. బస్తెడు ఇసుక నింపినట్టున్నయి అన్నది. తర్వాత మాట తడబడ్డది. రవి ఫోన్ చేస్తే నేను, విజయ జనగామ నుంచి కారులో బయలుదేరినం. ఆ దోవ నాకు తెలిసిన దోవే, కానీ ఆ దినం ఎవరో నడుమ ఇంకో నాలుగు మండలాలు తెచ్చి పెట్టిన్రు.

దవాఖాన లోపల అమ్మ. బయట బెంచీ మీద మేం. డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది, "ఏం తాగించిన్రు?" లత చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు, తల పట్టుకున్నది. బోండాం నీళ్లల్లో పొటాషియం ఉంటదట. మంచి కిడ్నీలు దాన్ని బయటికి పంపుతయి. పాడైన కిడ్నీలు పంపలేవు, అది గుండె మీద పడతది. "వెంటనే మిషన్ మీద పెడుతున్నం. ఇంకో పూట ఆలస్యమైతే నేను మీతో మాట్లాడేదే వేరుగ ఉంటుండె" అన్నది.

అప్పుడు నా నోరు లేచింది. "కొడుకనుకోనియ్యమన్నవ్, గిట్లనా చూసుకునుడు?" అన్న. రవి లేచిండు. "చెప్పులు పట్టుతలేవంటే నంబరు పెంచి తెచ్చినోనివి నువ్వు. నువ్వా నన్ను అడిగేది?" అన్నడు. లత ఒక మూలకు కూర్చొని రెండు చేతులు ముందేసుకొని వాటినే చూస్తున్నది, బోండాం కొట్టిన చేతులు. అక్కడున్నోళ్లంతా మమ్ముల చూసిన్రు. పక్క బెంచీ మీద ఒక ముసలామె లేచి టిఫిన్ డబ్బా మూత తీసి, రెండు జొన్నరొట్టెలు లత ఒడిలో పెట్టింది. "తిను బిడ్డా. మీ వాండ్లు మొగోళ్లు, అరుసుకుంటె కడుపు నిండుతది. నీకు నిండది" అన్నది. ఆమెది ఏ ఊరో గూడ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తున్నది.

సాయంత్రానికి అమ్మ కండ్లు తెరిచింది. మేం ఇద్దరం మంచానికి చెరో దిక్కు, ఒకరి మొఖం ఒకరం చూసుకోకుండ నిలబడ్డం. అమ్మ ఇద్దరినీ చూసి, "కొట్లాడుకున్నరా?" అన్నది. లేదన్నం. "కొట్లాడుకుంటే చెప్పుండ్రి, ఇంకో బోండాం తాగుత." తర్వాత లతను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నది. "దాహమైతే తాగిచ్చినవ్ బిడ్డా. ఈ మూడు నెలలల్ల నా గొంతు తడిసింది గా రెండొద్దులే. నిన్నెవ్వడన్న ఒక్క మాటంటే నాకు చెప్పు."

చదివేటోళ్లకు చేతులు జోడించి చెప్తున్న. కిడ్నీలు బాగలేనోళ్లను చూడ పోతే బోండాం తీసుకపోకండి. పండ్లు గూడ డాక్టరును అడగకుండ పెట్టకండి. ఊరికే పోండి, దగ్గర కూర్చోండి. ఆ తర్వాత అమ్మ కాడికి ఎవరొచ్చినా రవి గుమ్మం దగ్గరనే ఆపి అడిగేటోడు, "బోండాం ఉన్నదా? బయట పెట్టి రాండ్రి." చెప్పులు గూడ అంత గట్టిగ ఎవరు విప్పించలేదు.

అమ్మ మంచం మీది నుంచే మేస్త్రికి ఫోన్ కొట్టింది. "మేస్త్రీ, నేను సగం దూరం పోయి వాపసు వచ్చిన. నీ ప్లాస్టరింగ్ ఎంతదాంక వచ్చింది?"

"ఒక్క అర్ర మిగిలిందవ్వా."

"ఆ అర్రల నేను పండుకునేది లేదు. ముందు సరళ కూసునే హాలు చెయ్యి."

టైల్స్ ఆరకముందే

ఎండలు ముదరకముందే మానుకోట ఇల్లు లేచి నిలబడ్డది. కిటికీలకు రంగు వెయ్యలేదు, మెట్లకు రెయిలింగ్ లేదు. బావ ఇంకో నెల ఆగుదామన్నడు. సరళ ఒక్క మాట అన్నది: "నెల అమ్మను అడిగి తీసుకురా." బావ పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చిండు.

టెంటు, కుర్చీలు నావే. జనగామలో ఆ దినం ఎవరింట్లనన్న పెండ్లి ఉంటే వాళ్లు నేల మీద కూర్చొని ఉంటరు, మొత్తం సామాను మానుకోటకు తెచ్చిన. మళ్ల మా ఇంటికే తెచ్చుకున్న అమ్మకు ముందురోజు డయాలసిస్ చేయించినం. మర్నాడు పాలు పొంగిచ్చినం. సరళ, బావ పీటల మీద కూర్చున్నరు. ముందు ముత్తైదువలు పోసిన్రు. విజయ, లత, ఇంకో ముగ్గురు. ఇగ అమ్మ వంటింటి దర్వాజ కాడి నుంచి బయలుదేరింది, నిత్య భుజం పట్టుకొని.

మా మేనత్త రాజవ్వ లేచి అడ్డం నిలబడ్డది. బాపుకు చెల్లె. ఆమె భర్త బాపు కంటే ముందే పోయిండు. చెడ్డ మనిషి కాదు, భయం మనిషి.

"వదినె, వద్దు."

"ఏం వద్దు?"

"నీకు తెల్వదా? మన చేతులు ఒడి మీద పడొద్దు. కొత్తిల్లు. పిల్లకు ఏమన్న అయితే నిన్నే అంటరు."

హాలు మొత్తం ఆగిపోయింది. ఫ్యాన్ గూడ ఆగిందనుకున్న, అది కరెంటు పోయింది. నేను ముందుకు పోబోయిన. సరళ పీట మీద కూర్చొనే నా దిక్కు చూసి తలూపింది, వద్దని.

అమ్మ ఆయాసం తీర్చుకొని, నిమ్మళంగ అన్నది. "రాజవ్వా, ఈ చేతుల రోజు విడిచి రోజు నెత్తురు తీసి, కడిగి, మళ్ల ఎక్కిస్తున్నరు. నిన్ననే కడిగిన్రు. ఈ హాలుల నా అంత కడిగిన మనిషి ఎవ్వలున్నరో చూపియ్యి, వాళ్లనే పొయ్యమంట."

ఎక్కడో వెనక నుంచి మేస్త్రి ఎల్లయ్య నవ్విండు. తర్వాత ఆడోళ్లు. మేనత్త నవ్వు ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, ఆ కొంగు వెనకనే ఏడుపు గూడ వచ్చింది.

"నీ అన్న పోయిండు రాజవ్వా," అన్నది అమ్మ. ఈసారి పరాచికం లేదు. "నా బిడ్డ ఉన్నది గద."

మేనత్త పక్కకు జరిగింది. అమ్మ పీటల దగ్గరికి పోయి, వంగి, పసుపు బియ్యం దోసిట్లోకి ఎత్తుకున్నది. చెయ్యి వణకలేదు. ఒక్క గింజ కింద పడలేదు. అట్ల అందరు పోసినట్టే అయిదుసార్లు పోసి, లేచి, "రా రాజవ్వా, నువ్వు గూడ పొయ్యి, నీ చేతులు నేను కడుగుత" అన్నది. మేనత్త వచ్చింది. ఆమె ఇరవై ఏండ్ల నుంచి ఎవరి ఒడీ ముట్టలేదు. ఒక్క దోసిలి పోసి, అక్కడనే కూలబడ్డది. సరళ ఆమె చేతిని కండ్లకద్దుకున్నది.

నా కుర్చీలు వేలాది శుభకార్యాలు చూసినయి. అంత మంచి కార్యం చూడలేదు.

తర్వాత

వానలు పడే ముందు అమ్మ అలిసిపోయింది. చేతిలో ఆ సుయ్యిమనుడు ఒక పొద్దుగాల ఆగింది. మెడ దగ్గర నుంచి డయాలసిస్ పైపు పెడదామన్నరు, పెట్టిన్రు, వారం గడిచింది. జనగామలో మా ఇంట్లోనే, పొద్దున పది కొట్టంగ, నిత్య పత్తాలు పంచుతుండగ అమ్మ పోయింది. ఆమె ముక్కలు ఆమె ఎత్తుకోలేదు. నిత్య తర్వాత వాటిని తిప్పి చూసిందట. మంచి ముక్కలేనట.

మా ఇంటి ముంగట నేనే షామియానా వేసిన. మా దుకాణంల పనిచేసే పిల్లలు వేస్తమన్నరు, వద్దన్న. గుంజ పాతుడు, తాళ్లు కట్టుడు అన్నీ నేనే చేసిన, చేతులకు పని ఉండాలె గద. సోమన్న పాలకుర్తి నుంచి ఆటోలో వచ్చిండు, నిజంగనే పద్నాలుగు మందిని ఎక్కించుకొని. ఎల్లయ్య మేస్త్రి నా పక్కన కూర్చొని, "నా జన్మల ఇంత తొందరగ ఇల్లు కట్టలేదన్నా" అన్నడు. "పందెం నేనే ఓడిపోవాలని మొక్కుకున్న. అందుకే పని ఒక్కనాడు ఆపలేదు."

ఇగ నేను కల్పించింది ఏదో చెప్పాలె.

కుర్చీలు, లారీలు, పద్నాలుగు మంది, వీటి సంగతి ముందే చెప్పిన, అవన్నీ నా అలవాటు. ఇన్సూరెన్సు ముచ్చట నిజం, కావాలంటే ఆయననే అడగండి. నేను కావాలని కల్పించింది మాత్రం ఒక్కటే. చెయ్యి వణకలేదని, ఒక్క గింజ కింద పడలేదని రాసిన. అది అబద్ధం.

అమ్మ చేతులు బాగ వణికినయి. సూదుల చెయ్యి సరిగ మడతపడదు. దోసిట్లోకి ఎత్తిన బియ్యం ఒడిదాంక రాకముందే వేళ్ల సందులోకెళ్లి కారిపోయినయి. కొత్త టైల్స్ మీద పసుపు గింజలు గలగల పడ్డయి. మొదటి దోసిలి ఒడికి చేరేసరికి ఉత్త పసుపు చేతులే మిగిలినయి. హాలులో అందరు అది చూసిన్రు. అమ్మ గూడ చూసింది. ఆ దినం వాపసు వచ్చేటప్పుడు కార్లో నాతో అన్నది: "ఎవ్వలన్న అడిగితే గింజ పడలేదని చెప్పురా. నీకు అలవాటే గద."

చెప్తనే ఉన్న. ఇక్కడ గూడ అట్లనే రాసిన. కానీ అక్కడితోనే ఆపితే నా చెల్లె చేసింది లెక్కకు రాకుండ పోతది. ఒడిబియ్యం పోసేటప్పుడు పీట మీది నుంచి కదలొద్దు, అది పద్ధతి. రెండో దోసిలి అమ్మ ఎత్తంగనే సరళ పీట దిగింది. మోకాళ్ల మీద ముందుకు జరిగి, బియ్యం గంప దగ్గరికే వచ్చి, అమ్మ చేతుల కిందనే ఒడి పట్టింది.